చిటికెన వేలు

మూడో పాట రెండో చరణంలో ఉంది. సారిక నా ఒళ్ళో ఉంది. దాని కింద నా తెల్ల పట్టుచీర, చీర కింద చాప, చాప కింద చర్చి గచ్చు. వీటిలో దేనికీ దేనికీ మధ్య ఈ రోజు అడ్డు లేదు. రెండేళ్ళ ఎనిమిది నెలల నా కూతురు పుట్టాక మొదటిసారి డైపరు లేకుండా ఇంటి గడప దాటి, భీమవరంలో మూడు వందల మంది నిండిన చర్చిలో, స్త్రీల ఆదివారం నాడు, నా తొడ మీద తాళం వేస్తోంది. ఇవాళ ఆరాధన అంతా ఆడవాళ్ళదే. పాటలు పాడించడం, ప్రార్థన చేయడం, కానుకలు పట్టడం, వాక్యం చదవడం, అన్నీ మేమే. అందరం తెల్ల చీరలే కట్టాలి. ఏడాదికొకసారి వచ్చే ఈ రోజున ఈసారి వాక్యం చదివే వంతు నాది. నా పేరు పిలవడానికి ఈ పాట తర్వాత ఒక ప్రార్థనే అడ్డం. అందరూ పాడుతున్నారు, నా పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం లేదు. ప్రాణమంతా తొడల మీద ఉంది. ఈ వెచ్చదనం పిల్ల ఒంటిదేనా, ఇంకోటా అని నిమిషానికోసారి చీర తడిమి చూసుకుంటున్నాను. పొడిగానే ఉంది.

తొమ్మిదీ నలభై. ఇంట్లో బయల్దేరేటప్పుడు ఎనిమిదీ ముప్పావుకి ఒంటికి వెళ్ళింది, తన పసుపు రంగు ప్లాస్టిక్ బాతు సీటు మీద కూర్చుని, చక్కగా. అంటే గంట కావస్తోంది. మామూలుగా గంటన్నర ఆగుతుంది, మధ్యాహ్నం పడుకుంటే రెండు గంటలు. ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. కానీ ఇంటి ముందు కొబ్బరి బొండాల బండి ఉండదు, చర్చి ముందు ఉంటుంది. నేను చెప్పులు విడిచి వెనక్కి తిరిగేలోపు మా ఆయన పిల్ల చేతికి బొండం ఇచ్చి గొట్టం నోట్లో పెట్టేశాడు. "అడిగింది కదా అని, ప్రసన్నా" అన్నాడు. సగం బొండం లోపలికి పోయింది. ఒక చూపు చూశాను, అంతే. ఇప్పుడు మగవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని పాటల పుస్తకం మీంచి నన్నే చూస్తున్నాడు. అయిందా అని కనుబొమలతో అడుగుతున్నాడు. లేదని తలూపాను. ఒక్క చరణం గడిచేలోపు మళ్ళీ అడిగాడు. చుట్టుపక్కల రొయ్యల చెరువులన్నీ తిరిగి నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్ష చేయడం డేనియల్ ఉద్యోగం. ఎంత చెరువైనా జంకడు. ఇంత పిల్ల దగ్గర చెమటలు పడుతున్నాయి ఆయనకి.

ఇటు పక్కన అత్తయ్య గారు. చర్చిలో దీనమ్మ గారంటే పాస్టరు విజయ్ పాల్ గారు కూడా లేచి నిలబడతారు. పన్నెండేళ్ళుగా స్త్రీల సమాజం అధ్యక్షురాలు. గంజి పెట్టిన చీర, ఒళ్ళో నల్ల హ్యాండ్‌బ్యాగు, చూపు తిన్నగా ముందుకి. నా వంక చూడకపోవడంలోనే ఉంది ఆవిడ కోపమంతా. పొద్దున్న చెప్పారు. "ఈ ఒక్క పూటకీ డైపర్ వేసెయ్యమ్మా. వాక్యం చదివేది నువ్వు, ఏదన్నా అయితే నలుగురిలో ఏం బావుంటుంది" అన్నారు. అబద్ధం ఎందుకు, వేద్దామనే తీశాను. మడత విప్పాను కూడా. సారిక మంచం మీద నిలబడి దాని వంక చూసి, నా వంక చూసి, "అది చిన్న పాపలకి" అంది. పదకొండు రోజులుగా తడవని పిల్ల. దాని మాట నమ్మాలా, నా భయాన్ని నమ్మాలా అని మంచం పక్కన ఎంతసేపు నిలబడ్డానో. చివరికి డైపరు బీరువాలో పెట్టేసి గౌను తొడిగాను. అత్తయ్య గారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు. "సరేలే, చదువుకున్నదానివి" అన్నారు. ఆ మాట ఆవిడ అనడం ఇది రెండోసారి.

మొదటిసారి అన్నప్పుడు సారికకి మూడో నెల. స్నానాల గదిలో చిన్న పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, రెండు కాళ్ళూ ముందుకి చాపి, పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, ఆ పాదాల మీద పిల్లని కూర్చోబెట్టేవారు. ఎముకలు తేలిన ఆ పాదాల మీద నా పిల్ల గువ్వలా ఒదిగి కూర్చునేది. ఆవిడ దాని కళ్ళల్లోకి చూస్తూ సన్నగా ఈల లాంటి చప్పుడు చేసేవారు, అది పోసేది. "డేనియల్ నాలుగో నెలకే చెప్పేవాడమ్మా" అన్నారు గర్వంగా. నేను ఊరుకోవచ్చు కదా. బీఈడీ చదివాను, ఫోన్లో ఎన్నో చూశాను, ఎలా ఊరుకుంటాను. "పిల్ల చెప్పట్లేదండి, మీరు కనిపెట్టుకుని ఉంటున్నారు, అంతే. పైగా కాళ్ళ మీద ఏంటండి, శుభ్రం ఉండద్దూ" అన్నాను. ఆవిడ కాళ్ళు కడుక్కుని లేచారు. సరేలేమ్మా, చదువుకున్నదానివి, అన్నారు. ఆ తర్వాత ఆ పీట వేసుకోలేదు. ఆవిడ పాదాలు అప్పటినుంచీ ఖాళీ. పాట ఆగింది. లేదు, చరణం మారింది, అంతే. తడిమాను, పొడి.

కాళ్ళ బదులు నేను బాతు కొన్నాను. ఆన్‌లైన్లో, పసుపు రంగుది, నొక్కితే పాట వస్తుంది. పాపకి ఏడాదిన్నర నిండిన రోజున మొదలుపెట్టాను. ఏడాదిన్నరే ఎందుకంటే కింద వాటాలో ఉండే లక్ష్మి గారి అబ్బాయి ఏడాదిన్నరకే డైపరు మానేశాడు కాబట్టి. ఇంతకంటే కారణం లేదు, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఫ్రిజ్ మీద టైమ్‌టేబుల్ అంటించాను, స్కూల్లో మూడో తరగతికి వేసినట్టే, గళ్ళు గీసి. అరగంటకోసారి బాతు మీద కూర్చోబెట్టడం. పోస్తే స్టిక్కరు, పోయకపోతే ఇంకో ఐదు నిమిషాలు. అది కూర్చునేది పాపం, పాట నొక్కుకుంటూ, నా మొహం వంక చూస్తూ. లేచాక నాలుగడుగులు వేసి సోఫా పక్కన పోసేది. కావాలనే చేస్తోందనుకున్నాను. దానికి ఇంకా అది వస్తున్నట్టే తెలీదని, అయిపోయాకే తెలుస్తుందని, నాకు తట్టలేదు. వంద మంది పిల్లలకి ఎక్కాలు నేర్పినదాన్ని, ఇదెంత అనుకున్నాను. నెలలు గడిచాయి, స్టిక్కర్లు ఎండిపోయి ఊడిపోయాయి, నేను మాత్రం వదల్లేదు.

తర్వాతది తలుచుకోకూడదనుకుంటాను, కానీ ఒళ్ళో ఈ బరువు ఉన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. అప్పటికి రెండేళ్ళ మూడు నెలలు. ఒక పిల్లాడి తండ్రితో ఫోన్లో మార్కుల గురించి మాట్లాడుతున్నాను. సారిక వచ్చి నైటీ పట్టుకుని లాగింది. "అమ్మా, ఉచ్చ" అంది. అన్నాళ్ళలో మొదటిసారి, పోసే ముందు అన్నది. ఆ మాట కోసమే కదా అన్ని నెలలు పిల్ల ప్రాణం తోడాను. మరి నేనేం చేశాను. చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు, ఒక్క నిమిషం" అన్నాను. మళ్ళీ లాగింది. ఆగమన్నానా అన్నాను. ఆగింది. రెండు కాళ్ళూ మెలేసుకుని, నా మాట మీద గౌరవం కొద్దీ ఎంతసేపు ఆగగలదో అంతసేపూ ఆగింది. తర్వాత నా పాదాల చుట్టూ వెచ్చగా పారింది. నేను ఫోను పెట్టేసి దాన్ని కొట్టాను. చెంప మీద. చెప్పినందుకు కొట్టాను నా పిల్లని. అది ఏడవలేదు, ఆ చెంప పట్టుకుని గచ్చు మీద తడిని చూస్తూ నిలబడింది. ఆ రోజు నుంచి ఆ మాట దాని నోటి వెంట రాలేదు. డైపరు వేస్తేనే పోసేది, అదీ కర్టెన్ వెనక్కి వెళ్ళి, ఎవరికీ కనబడకుండా, గోడకి మొహం పెట్టుకుని. విరేచనం మూడేసి రోజులు బిగబట్టేది. కడుపు రాయిలా ఉండేది.

పిల్లల డాక్టరు కిరణ్ గారు కడుపు నొక్కి చూసి, మందు రాసి, నా వంక కాసేపు చూశారు. "ఆ బాతుని అటక మీద పెట్టండమ్మా. టైమ్‌టేబుల్ చింపెయ్యండి. గుర్తులు అదే చూపిస్తుంది. రెండు గంటలు పొడిగా ఉంటుంది, తడిస్తే చిరాకు పడుతుంది, చెడ్డీ తనే దింపుకుంటుంది, మీరు బాత్‌రూముకి వెళ్తే వెనకాలే వచ్చి చూస్తుంది. అప్పటిదాకా మీ పనల్లా ఊరుకోవడమే" అన్నారు. ఊరుకోవడం. అంత కష్టమైన పని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. డేనియల్ ఇంటికొస్తూ బండి మీద చెప్పాడు, రొయ్య పిల్ల చెరువులో వదిలిన మొదటి నెల మేం వల వెయ్యం ప్రసన్నా, బతికిందో లేదో తెలీదు, మేత వేస్తూ ఊరుకుంటాం అని. ఆ రాత్రి పాపని పక్కన పడుకోబెట్టుకుని ఆయనే చెప్పాడు: "నోటితో చెప్పక్కర్లేదు తల్లీ. ఇదుగో, ఈ చిటికెన వేలు చూపించు, చాలు." నేను ఇటు పక్క పడుకుని దాని చెవిలో నా మాట చెప్పాను. నువ్వు వేలు చూపించు, నేను ఏ పనిలో ఉన్నా వదిలేసి వస్తాను. ఆగు అని ఇంకెప్పుడూ అనను. దగ్గర దగ్గర నాలుగు నెలలు అది వేలు ఎత్తలేదు. గుర్తులు మాత్రం ఒకటొకటే వచ్చాయి. పొద్దున్న లేచేసరికి డైపరు పొడిగా ఉండడం. తడిస్తే తనే పీకి పారేయడం. బొమ్మని అట్టపెట్టె మీద కూర్చోబెట్టి, ఏం పర్లేదు, పర్లేదు అని దాని వీపు నిమరడం. అది చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఒక మంగళవారం సాయంత్రం వంకాయలు తరుగుతుంటే నా ముందుకొచ్చి నిలబడి, ఏమీ మాట్లాడకుండా, చిటికెన వేలు ఎత్తింది. కత్తిపీట మీంచి లేచిన వేగానికి నా బొటనవేలు తెగింది, చూసుకోలేదు. అటక మీంచి బాతు దిగింది. ఈ పదకొండు రోజుల్లో కూరలు మాడాయి, ఫోన్లు కట్టయ్యాయి, ఒకసారి ఒంటి నిండా సబ్బుతో బయటికొచ్చాను. ఒక్కసారి కూడా ఆగు అనలేదు.

ప్రార్థన. కళ్ళు మూసుకోవాలి, మూసుకున్నాను. కళ్ళు మూస్తే మొగల్తూరు ఎలిమెంటరీ స్కూలు కనిపించింది, రెండో తరగతి. నేను చిటికెన వేలు ఎత్తి ఎంతసేపో నిలబడ్డాను. సూరమ్మ టీచరు గారు బోర్డు మీద రాస్తూ, ఇంటర్వెల్ దాకా ఆగు అన్నారు. ఆగలేకపోయాను. బల్ల కింద నుంచి పారి ముందు వరస పిల్లల పలకల సంచులు తడిసిపోయాయి. తడి పరికిణీతో కాలవగట్టు మీద ఒక్కదాన్నే ఇంటికి నడిచాను. పెద్దయ్యాక టీచర్నై నేనేం చేశాను. మణిదీప్ అని ఒక పిల్లాడు వేలు ఎత్తితే సుద్దముక్క ఆపకుండా, బెల్లు కొట్టాక వెళ్ళు అన్నాను. వాడు మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని కూర్చోవడం చూసి కూడా అన్నాను. మా అందరికీ నోటికొచ్చిన మాట అదొక్కటే. రాని పిల్లని రా రా అని తొందరపెడతాం, వచ్చిన పిల్లని ఆగు అంటాం. ఆమెన్ అన్నారు అందరూ. తడిమాను. పొడి. నా పేరు పిలిచారు.

సారికని అత్తయ్య గారి ఒళ్ళోకి దించి లేచాను. వేలు చూపిస్తే నేను వస్తాను అని దాని చెవిలో చెప్పానా, అనుకున్నానా, ఇప్పుడు గుర్తు లేదు. మైకు ముందు నిలబడితే చర్చి అంతా తెల్లగా ఉంది, అరుగు మీద ఆరేసిన గుడ్డల్లాగా. పది వచనాలు. వారం రోజులుగా వంటింట్లో పైకి చదువుతూనే ఉన్నాను, ఒత్తు సరిగా పలకని చోటల్లా అత్తయ్య గారు బియ్యం ఏరుతూ సరిదిద్దుతూనే ఉన్నారు. గొంతు బాగానే వచ్చింది. ఒకటి, రెండు, మూడు. విజయ్ పాల్ గారు తల ఊపుతున్నారు. నాలుగు, ఐదు. ఆరో వచనం మధ్యలో పేజీ మీంచి తలెత్తాను. అన్ని తెల్ల చీరల మధ్య, చిన్న పిడికిలి, పిడికిట్లోంచి నిటారుగా ఒక వేలు.

అత్తయ్య గారు చూశారు. ఆ వేలు మెల్లగా కిందికి దించి ఏదో అన్నారు. నాకు వినబడలేదు, కానీ ఆ పెదవుల కదలిక నాకు తెలుసు. ఆగమ్మా, అమ్మ చదువుతోంది. పిల్ల ఆవిడ వంక చూడలేదు. నా వంకే చూస్తూ వేలు మళ్ళీ ఎత్తింది. దాని మొహంలో ఏడుపు లేదు, ఎదురుచూపు ఉంది. నాలుగున్నర వచనాలు మిగిలాయి. అర నిమిషం. మూడు వందల మంది, దేవుడి వాక్యం, ఏడాదికొక్క రోజు, అత్తగారి పరువు, తెల్ల చీరలు. అర నిమిషం ఆగితే ఏమీ కాకపోవచ్చు. ఆగుతుంది, నాకు తెలుసు, అది ఆగగలదు. అప్పుడు కూడా ఆగింది. అదే నన్ను చదవనివ్వలేదు. ఇప్పుడు నేను పేజీ వైపు తల దించితే అది ఆ వేలు దించుకుంటుంది, ఇంకెప్పుడూ ఎత్తదు, రేపటినుంచి మళ్ళీ ఆ కర్టెనే, ఆ గోడే. నేను మైకులో, "క్షమించండి, మా పాప పిలుస్తోంది" అన్నాను. నా గొంతు నాకే స్పీకర్లలోంచి గట్టిగా వినబడింది. మెట్టు దిగి ఆడవాళ్ళ మధ్యలోంచి, మోకాళ్ళూ చీర కుచ్చిళ్ళూ తప్పించుకుంటూ వెళ్ళి, అత్తయ్య గారి వంక చూడకుండా నా సంచి భుజాన తగిలించుకుని పిల్లని ఎత్తుకున్నాను. డేనియల్ లేచి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకే తెలీదు, మగవాళ్ళందరిలోకీ ఒక్కడే నిలబడ్డాడు.

వెనక బాత్‌రూముకి తాళం. తాళం చెవి వాచ్‌మన్ చిట్టియ్య దగ్గర, చిట్టియ్య లోపల ఎక్కడో చివరి వరసలో. బాతు ఇంట్లో. సారిక నా మెడ గట్టిగా పట్టుకుని కాళ్ళు నా నడుముకి నొక్కుతోంది, ఇంకా ఆగుతోంది, నా బంగారుతల్లి. చుట్టూ చూశాను. కుళాయి, కుళాయి కింద సిమెంటు గట్టు, నీళ్ళు పోయే కాలవ. కొంచెంసేపు కూడా ఆలోచించలేదు. గట్టు మీద కూర్చున్నాను. పట్టుచీర మోకాళ్ళ దాకా ఎగదోశాను, రెండు కాళ్ళూ ముందుకి చాపాను, పాదాలు రెండూ దగ్గరికి చేర్చాను. చెడ్డీ తనే దింపుకుంది, తన చేతులతో, తొందరలో కూడా తనే. నా పాదాల మీద కూర్చుంది. సరిగ్గా సరిపోయింది. ఎవరూ కొలిచి చేయని ఆ పీట నా ఒంట్లోనే ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు. ఇద్దరం ఒకళ్ళ కళ్ళల్లోకి ఒకళ్ళం చూసుకున్నాం. రాలేదు. కొత్త చోటు, బాతు లేదు, పాట లేదు. నేను తొందరపెట్టలేదు. దాని రెండు చేతులూ పట్టుకుని ఊరుకున్నాను. లోపల చర్చి కూడా చప్పుడు లేకుండా ఉంది.

అప్పుడు స్పీకరులో గొంతు వినబడింది. అత్తయ్య గారిది. ఆరో వచనం మధ్యలో నేను ఎక్కడ వదిలేశానో సరిగ్గా ఆ మాట మీద అందుకున్నారు. ఆవిడ కళ్ళజోడు పొద్దున్నే నా సంచిలో వేశారు, ఆ సంచి నా పక్కనే గట్టు మీద ఉంది. అంటే చూసి చదవడం లేదు. వారం రోజులు బియ్యం ఏరుతూ నన్ను దిద్దుతూ ఆవిడ మొత్తం కంఠతా పట్టేశారు. గొంతు వణకలేదు. ఏడో వచనం, ఎనిమిదో వచనం, ఒత్తులన్నీ ఒత్తుల్లాగా పలుకుతూ. సారిక తల పక్కకి వంచి వింది. "మామ్మ" అంది. నవ్వింది. ఆ నవ్వులోనే వచ్చేసింది. సగం బొండం నీళ్ళూ నా మడమల మీంచి, పట్టీల మీంచి, జరీ అంచు మీంచి, కాలవలోకి. అది కిందికి వంగి, ఎక్కడినుంచి వస్తోందో, ఎటు పోతోందో శ్రద్ధగా చూసింది, చివరి చుక్క దాకా. నేను కుళాయి గట్టు మీద కూర్చుని పగలబడి నవ్వాను. అన్ని క్లాసుల్లో ఫస్టు వచ్చినప్పుడు, ఉద్యోగం వచ్చినప్పుడు, డేనియల్ పెళ్ళి చూపుల్లో తల ఎత్తి నన్ను చూసినప్పుడు కూడా నాకు ఇంత గొప్పగా అనిపించలేదు. నేను గెలిచాను. కాదు, అది గెలిచింది, నేను సమయానికి వెళ్ళాను, అంతే. ఈ రోజుకి అది చాలు.

కుళాయి తిప్పి కాళ్ళు కడుక్కుని, తడి చీరతోనే లోపలికి వచ్చాం. దాన్ని ఎత్తుకోలేదు, తనే నడిచింది, నా చెయ్యి పట్టుకుని, ముందు తను. వాక్యం అయిపోయింది, మౌన ప్రార్థన, అందరూ తలలు వంచుకుని ఉన్నారు. అత్తయ్య గారు చాప మీదికి వచ్చి కూర్చున్నారు. సారిక ఆవిడ ఎదురుగా నిలబడి, ఐదు నెలలుగా పలకని మాటని, చర్చి గోడలు వినేలా, పలికింది. "మామ్మా, నేను ఉచ్చ పోశాను."

ముందు మా వరసలో ఎవరో నవ్వారు. తర్వాత వెనక వరస. తెల్ల చీరలన్నీ కదిలాయి. మగవాళ్ళ వైపు డేనియల్ చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. విజయ్ పాల్ గారు తల ఎత్తకుండానే ఆమెన్ అనేశారు.

అత్తయ్య గారు నా పాదాల వంక చూశారు. తడిసిన పట్టీలు, తడిసిన అంచు. చాలాసేపు చూశారు. "కాళ్ళ మీదేనా" అని అడిగారు మెల్లగా. "ఔనండి" అన్నాను, "మీలాగే కూర్చోబెట్టానండి." ఆవిడ నల్ల హ్యాండ్‌బ్యాగు తెరిచారు. అందులోంచి తీశారు, పొద్దున్న నేను మడిచి బీరువాలో పెట్టిన డైపరు. నేను చూడకుండా ఎప్పుడు తీసి పెట్టుకున్నారో. దాన్ని పూర్తిగా విప్పి, వంగి, నా పాదాల మీద అద్దారు, ఒకటి, తర్వాత ఇంకోటి, వేళ్ళ సందులు కూడా. సారిక నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "అమ్మ చిన్న పాప" అంది. ఔను తల్లీ అన్నాను. నాలుగో పాట ఎత్తుకున్నారు. ఈసారి నేను కూడా పాడాను.